పరిశుద్ధ వారం (శ్రమల వారం) ఏర్పాట్లు: మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ తెల్లవారుజాము దాకా

ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు (పాస్టరు) చర్చి కమిటీని ఆపి, "ఈసారి శ్రమల వారం మీరు చూసుకోండి" అంటారు. సరే అని తల ఊపాక మొదలవుతుంది టెన్షన్. మట్టలు ఎవరు తెస్తారు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఎవరెవరు చెబుతారు, సమాధుల తోటలో పిచ్చిమొక్కలు ఎవరు కొట్టిస్తారు? ఈ బాధ్యత మొదటిసారి నెత్తిన పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో నడిచే పద్ధతే ఇందులో ఎక్కువగా ఉంటుంది. ఆర్సీఎం (రోమన్ కతోలిక) వాళ్ల పద్ధతి వేరుగా ఉన్నచోట అది కూడా చెబుతాను.

అసలు పనిలోకి దిగేముందు ఒక మాట. ఈ వారంలో మనం చేసే పొరపాట్లు చాలావరకు తొందర వల్లే వస్తాయి. శుక్రవారం ప్రసంగంలోనే పునరుత్థానం చెప్పేస్తాం. శనివారం సాయంత్రమే సౌండ్ బాక్సులో ఈస్టర్ పాటలు మోగిస్తాం. ఆదివారం పొద్దున్నకి చెప్పడానికి కొత్తగా ఏమీ మిగలదు. ఏ రోజు సంగతి ఆ రోజే చెప్పండి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

ముందు క్యాలెండర్ తీయండి

మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన సభ నాటి నుంచి సంఘాలన్నీ ఒకే ఆదివారం పండగ చేయాలన్న పట్టుదల ఉంది. ఆ పౌర్ణమిని చర్చి పట్టికల ప్రకారం లెక్కిస్తారు కాబట్టి పంచాంగంతో ఒక్కోసారి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. పండగ మాత్రం మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్యనే వస్తుంది. 2026లో ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న, 2028లో ఏప్రిల్ 16న. అక్కడి నుంచి 46 రోజులు వెనక్కి లెక్కపెడితే శ్రమ దినాలు మొదలయ్యే బూడిద బుధవారం. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై శ్రమ దినాలు సరిపోతాయి. ఆర్సీఎం వాళ్లు దాన్ని విభూది బుధవారమనీ, ఆ నలభై రోజుల్ని తపస్సు కాలమనీ అంటారు.

తేదీ తెలిశాక పదో తరగతి, ఇంటర్ పరీక్షల టైమ్ టేబుల్ పక్కన పెట్టుకుని చూడండి. మార్చిలో పండగ వస్తే మీ క్వయర్‌లో సగం మంది పరీక్షల్లో ఉంటారు. వాళ్లను నమ్ముకుని కొత్త పాటలు పెట్టుకోవద్దు. అందరికీ నోటికొచ్చిన పాత కీర్తనలే పాడించండి. నిజానికి ఈ వారానికి అవే బాగుంటాయి.

ఇంకో పని కూడా ముందే చేయాలి. మట్టల ఊరేగింపు రోడ్డెక్కేదైతే పోలీస్ స్టేషన్‌లో వారం ముందే అర్జీ ఇచ్చి, వెళ్లే దారి, టైమ్ రాసివ్వండి. ఆ దారిలో మరో మతం వారి పండగో పెళ్లో ఉందేమో కనుక్కోండి. ఊళ్లో పెద్దమనిషి ఒకరికి చెవిన వేస్తే అనుమతి సగం వచ్చేసినట్టే.

మట్టల ఆదివారం

యోహాను సువార్త 12వ అధ్యాయంలో జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని యేసుకు ఎదురెళ్లారని ఉంటుంది. మనకు ఖర్జూరానికి దగ్గరి చుట్టం ఈత చెట్టు. అందుకే చాలా ఊళ్లలో ఈత మట్టలే వాడతారు. కోనసీమ వైపు కొబ్బరాకు సులువుగా దొరుకుతుంది. ఆర్సీఎం వాళ్లు ఈ రోజును మ్రానికొమ్మల ఆదివారం అంటారు.

శనివారం సాయంత్రమే మట్టలు కొట్టించాలి. ఈతచెట్లు గీత కార్మికుల చేతిలో ఉంటాయి కాబట్టి వాళ్లనడిగి, వాళ్లతోనే కొట్టించండి. యూత్ కుర్రాళ్లను కత్తులిచ్చి తోలితే అందుబాటులో ఉంది కదా అని మొవ్వ నరికేస్తారు. మొవ్వ పోతే చెట్టే చచ్చిపోతుంది. పక్క మట్టలు తీస్తే చెట్టుకు ఏమీ కాదు. గీసేవాళ్లకు నాలుగు డబ్బులివ్వండి. దేవుడి పనే కదా అని ఊరికే అడగొద్దు.

ఈతమట్ట మొదట్లో ఆకులన్నీ సూదుల్లాంటి ముళ్లుగా ఉంటాయి. మొదలు నుంచి రెండు జానల దాకా వాటిని కత్తితో చెక్కేయాలి. చెక్కిన చోట చేత్తో నిమిరి చూసి, గరుగ్గా తగిలితే మళ్లీ ఒకసారి గీయాలి. సండే స్కూల్ పిల్లలకిచ్చే మట్టలు పొడవు తగ్గించి, చివరి ముళ్లు కూడా తుంచి ఇవ్వండి. లేకపోతే హోసన్నా అని ఊపేటప్పుడు పక్క పిల్లవాడి కంట్లో గుచ్చుకుంటుంది. చెక్కిన మట్టల్ని తడిపిన గోనెసంచుల్లో చుట్టి నీడన పెడితే పొద్దుటికి వాడవు.

ఊరేగింపు ఎండెక్కకముందే మొదలవ్వాలి. ఏడింటికి కదిలితే ఎనిమిదికి చర్చికి చేరాలి. ముందు సిలువ, వెనక పిల్లలు, ఆ వెనక క్వయర్, తర్వాత సంఘం. నడవలేని మామ్మల్ని ఆటోలో కూర్చోబెట్టి వరస చివర్లో తీసుకెళ్లండి, ఇంటి దగ్గర వదిలేయొద్దు. నాలుగో శతాబ్దంలో ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేములో ఇదే ఊరేగింపు చూసి రాసింది. ఒలీవ కొండ మీద నుంచి జనం కొమ్మలు పట్టుకుని దిగుతుంటే, నడవలేని పసిపిల్లల్ని తల్లిదండ్రులు భుజాన వేసుకుని నడిచారట. మన వీధుల్లో జరిగేదీ అదే.

లోపలికొచ్చాక ఆ రోజు ఆరాధన రెండు రకాల మనసుతో నడుస్తుంది. మొదట జయధ్వని, తర్వాత శ్రమల కథ. ఆర్సీఎం పూజలో ఈ రోజే శ్రమల చరిత్ర పూర్తిగా చదువుతారు, వాడే వస్త్రాలు ఎర్రవి. మన సంఘాల్లో చాలాచోట్ల జయధ్వనితోనే ఆపేస్తారు, ఊదా వస్త్రమే ఉంచుతారు. ఏ పద్ధతైనా సరే, ఒక్క పని మర్చిపోవద్దు. జనం వెళ్లేటప్పుడు ఒక్కో కుటుంబం ఒక్కో మట్ట ఇంటికి తీసుకెళ్లమని చెప్పండి. ఏడాదంతా గుమ్మం మీదో గోడకో ఉంచి, వచ్చే ఏడు వాటిని వెనక్కి తెస్తే, కాల్చిన ఆ బూడిదే విభూది బుధవారం నుదుట పెడతారు. ఈ పద్ధతి ఆర్సీఎం వాళ్లది. ఇప్పుడు కొన్ని సీఎస్ఐ సంఘాల్లోనూ చేస్తున్నారు.

సోమ, మంగళ, బుధ

ఈ మూడు రోజులూ గుళ్లో పెద్ద కార్యక్రమం పెట్టకండి. పేటకొక ఇంట్లో రాత్రి ఏడున్నరకు ప్రార్థన పెడితే చాలు. సోమవారం బేతనియలో మరియ అత్తరు పోసిన సంగతి (యోహాను 12), మంగళవారం ఆలయంలో శాస్త్రులతో జరిగిన వాదనలు (మార్కు 12), బుధవారం ముప్పై వెండి నాణేలకు యూదా బేరం కుదుర్చుకోవడం (మత్తయి 26). ఇంటివాళ్లకు టీ బిస్కెట్ల ఖర్చు తప్ప ఇంకేం పెట్టించొద్దు. ఒక ఇంట్లో ఉప్మా పెడితే రెండో ఇంటివాళ్లు పూరీ పెట్టాల్సి వస్తుంది, మూడో ఇంటివాళ్లకు అప్పవుతుంది.

పరిశుద్ధ గురువారం

గురువారం సెలవు కాదు. పనికెళ్లినవాళ్లు ఇంటికొచ్చి స్నానం చేసి రావాలంటే ఏడు గంటలకు ముందు పెట్టకూడదు. ఈ రాత్రికి ముఖ్యమైనవి రెండు: పాదాలు కడగడం, ప్రభు రాత్రి భోజనం (సంస్కారం).

పాదాలు కడగడానికి పన్నెండు కుర్చీలు, ఒక వెడల్పాటి పళ్లెం, చెంబు, రెండు బకెట్ల గోరువెచ్చని నీళ్లు, పన్నెండు తువాళ్లు, పోసిన నీళ్లు పట్టడానికి ఇంకో ఖాళీ బకెట్ కావాలి. కుర్చీల కింద గోనెపట్టా వేయండి. తడి గచ్చు మీద అయ్యగారే జారిపడే ప్రమాదం ఉంది. ఆర్సీఎం వాళ్లు పూర్వం పురుషులనే కూర్చోబెట్టేవారు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ నిబంధన మార్చాక స్త్రీలను కూడా కూర్చోబెడుతున్నారు.

ఆ పన్నెండు మంది ఎవరన్నదే అసలు విషయం. కమిటీ మెంబర్లే పన్నెండు మందీ కూర్చుంటే అది సన్మానసభ అవుతుంది. చర్చి ఊడ్చే అమ్మ, కూలికెళ్లే కుర్రాడు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు, భర్త పోయిన మామ్మ, సండే స్కూల్ పిల్ల — ఇలా ఎంచండి. రెండు రోజుల ముందే వాళ్లకు చెప్పాలి. చెప్పకపోతే పగిలిన మడమలు నలుగురిలో చూపించడానికి సిగ్గుపడి లేచి వెళ్లిపోతారు. నేను చూసిన సంఘాల్లో ఇదంతా బాగా జరిగినచోటల్లా, పాదాలు కడిగేవాళ్లు పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, వేళ్ల మధ్య కూడా తడి తుడిచి, తర్వాత తలెత్తి ఆ మనిషి ముఖం చూశారు. నీళ్లు చిలకరించి వదిలేసినచోట అది ఆచారంగానే మిగిలిపోయింది.

సంస్కారం అయ్యాక బల్ల మీద ఉన్నవన్నీ తీసేయాలి. వస్త్రం, కొవ్వొత్తులు, పూలు, చివరికి సిలువ కూడా. ఇద్దరు మనుషులు మాట్లాడకుండా ఒక్కొక్కటే తీసుకుని లోపలికి వెళతారు. లైట్లు తగ్గించండి. ఆశీర్వచనం కూడా లేకుండా జనాన్ని మౌనంగా ఇళ్లకు పంపండి. మొదటి ఏడాది "అయిపోయిందా? ప్రకటనలేవీ?" అని అడుగుతారు. రెండో ఏడాది అడగరు. ఆర్సీఎం గుళ్లలో దివ్యసత్ప్రసాదాన్ని (సంస్కారపు అప్పాన్ని) వేరే పీఠానికి తీసుకెళ్లి, అర్ధరాత్రి దాకా దాని ముందు ప్రార్థనలో కూర్చుంటారు. ఆ రాత్రి మహిమ గీతం తర్వాత గంటలు ఆగిపోతాయి. మళ్లీ మోగేది శనివారం రాత్రే.

శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే): మూడు గంటలు, ఏడు మాటలు

ఈ వారంలో అన్ని రోజులకంటే ఎక్కువ మంది వచ్చేది ఈ రోజే. ఆదివారాలు కనబడనివాళ్లు కూడా తెల్లబట్టలు కట్టుకుని వస్తారు. మత్తయి రాసినట్టు మధ్యాహ్నం నుంచి మూడు గంటల వరకు చీకటి కమ్మింది కాబట్టి, ఆరాధన కూడా 12 నుంచి 3 వరకు. ఈ మూడు గంటలు యెరూషలేములో వాక్యాలు చదువుతూ, ఏడుస్తూ గడిపేవారని ఎగేరియా కూడా రాసింది. ఏడు మాటల మీద ధ్యానించే పద్ధతి మాత్రం చాలా తర్వాతిది. 17వ శతాబ్దం చివర్లో పెరూ దేశపు లిమా నగరంలో జెస్యూట్ గురువులు మొదలుపెట్టారు. కతోలికుల దగ్గర పుట్టిన ఆ పద్ధతి ఈ రోజు మన ప్రొటెస్టెంటు సంఘాల్లో పాతుకుపోయింది. ఆర్సీఎం వాళ్లకు మాత్రం ఈ రోజు ప్రధాన ప్రార్థన మామూలుగా మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. అందులో బలిపూజ ఉండదు. యోహాను రాసిన శ్రమల చరిత్ర, సిలువారాధన, ముందురోజు ఉంచిన సత్ప్రసాదం — ఇవే భాగాలు. అంతకుముందు వీధుల్లోనో కొండ మీదో యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ పద్నాలుగు స్థలాల సిలువ మార్గం చేస్తారు.

ఇక టైమ్ లెక్క. ఉన్నది 180 నిమిషాలు. మొదలుకు 12, ముగింపుకు 14 తీసేస్తే 154 మిగులుతాయి. ఏడుతో భాగిస్తే ఒక్కో మాటకు 22 నిమిషాలు. అందులో వాక్యం చదవడానికి ఒకటి, సందేశానికి పన్నెండు, పాటకు ఐదు, ప్రార్థనకు మూడు, లేచి కూర్చోవడానికి ఒకటి. ప్రసంగించేవాళ్లకు మాత్రం పది నిమిషాలే అని చెప్పండి. పది అంటే పన్నెండు మాట్లాడతారు. పదిహేను అంటే పాతిక మాట్లాడతారు. మొదటి ముగ్గురూ టైమ్ మింగేస్తే ఆరో మాటకు వచ్చేసరికి మూడు కావస్తుంది. "సమాప్తమైనది" అన్న మాట మీద ప్రసంగమే సమాప్తం కాకుండా జనం గడియారం చూసుకోవడం చాలా సంఘాల్లో ఏటా జరిగే తంతే. ముందు బెంచీలో ఒకరిని కూర్చోబెట్టి, రెండు నిమిషాలుండగా పచ్చ కాగితం, అయిపోగానే ఎర్ర కాగితం ఎత్తమనండి. ఎంత పెద్ద బోధకుడికైనా ఇదే పద్ధతని ముందే చెబితే ఎవరికీ కోపం రాదు.

మాటల వరస ఇది:

1. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" — లూకా 23:34
2. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" — లూకా 23:43
3. "అమ్మా, యిదిగో నీ కుమారుడు", "ఇదిగో నీ తల్లి" — యోహాను 19:26, 27
4. "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ" (నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి) — మత్తయి 27:46
5. "నేను దప్పిగొనుచున్నాను" — యోహాను 19:28
6. "సమాప్తమైనది" — యోహాను 19:30
7. "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" — లూకా 23:46

ఎవరికి ఏ మాట ఇవ్వాలో నెల ముందే తేల్చండి. మూడో మాట ఒక తల్లికి ఇవ్వండి. కొడుకును పోగొట్టుకున్న తల్లి అయితే మాత్రం అడిగేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. నాలుగో మాట అన్నిటికంటే కష్టమైనది. దాన్ని అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వాలి. "అలా అన్నాడు గానీ నిజానికి తండ్రి విడిచిపెట్టలేదు" అని గబగబా సర్దిచెప్పే కుర్రబోధకుడికి ఇస్తే ఆ మాట బరువంతా పోతుంది. ఎవరికిచ్చినా "మీ మాట ఒక్కటే చెప్పండి" అని గట్టిగా చెప్పాలి. మొదటివాళ్లే గెత్సేమనే నుంచి సమాధి దాకా చెప్పేస్తే మిగతా ఆరుగురూ అదే కథ తిప్పి తిప్పి చెప్పుకోవాలి. ఏడో మాట అయ్యాక రెండు నిమిషాలు పూర్తి మౌనం పాటించండి. కీబోర్డు మీద మెల్లగా ఏదో వాయించడం కూడా వద్దు.

ప్రసంగాలు ఏడు దొరకని చిన్న సంఘమైతే యోహాను 18, 19 అధ్యాయాలు నలుగురు పంచుకుని చదవండి. ఒకరు కథ చెబుతారు, ఒకరు యేసు మాటలు, ఒకరు పిలాతు మాటలు, జనసమూహం మాటలు సంఘమంతా. రెండూ కలిపి 82 వచనాలు, ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. "సిలువ వేయుము" అని మన నోటితోనే అనాల్సి వచ్చినప్పుడు ప్రసంగం చేయలేని పని జరుగుతుంది.

వచ్చినవాళ్లలో చాలామంది ఉపవాసంతో ఉంటారు. బయట ఎండ నలభై దాకా ఉంటుంది. ఫ్యాన్లు, కరెంటు పోతే ఇన్వర్టరు ముందురోజే చూసుకోండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు ఉపవాసం చేయనక్కర్లేదని ఆదివారం ప్రకటనల్లోనే చెప్పండి. కతోలిక నియమంలో కూడా ఈ రోజు ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లకే. ఒక పూర్తి భోజనం అందులోనూ ఉంది. మూడింటికి గుమ్మం దగ్గర పల్చటి మజ్జిగ, ఉప్పు కాస్త ఎక్కువేసి, పెద్ద గ్లాసులతో ఇవ్వండి.

శ్రమల నాటకం వేస్తామని యూత్ అడిగితే ఒప్పుకోండి, కానీ శుక్రవారం రాత్రికి పెట్టండి. ఎర్ర రంగు నీళ్లు తగ్గించమనండి. కొరడా కింద నిజంగా వాతలు పడ్డ కుర్రాళ్లను చూశాను.

నిశ్శబ్ద శనివారం

పగలంతా పని, కానీ గుళ్లో ఏమీ ఉండదు. ఆడవాళ్లు, మగవాళ్లు సమాధుల తోటకు వెళ్లి కంప కొట్టి, సమాధులు కడిగి వెల్ల వేస్తారు. చెరిగిన పేర్లు నల్ల పెయింటుతో దిద్దుతారు. బంధువులెవరూ లేని సమాధులు కొన్ని ఉంటాయి. వాటిని యూత్‌కు అప్పగించండి. కొట్టిన ఎండుగడ్డి అక్కడే వదలొద్దు. తెల్లారి కొవ్వొత్తులు వెలిగించేది అక్కడే.

ఆర్సీఎం వాళ్లకు ఈ రాత్రే ఏడాది మొత్తంలో పెద్ద రాత్రి. చీకటి పడ్డాక గుడి బయట కొత్త నిప్పు రాజేసి, ఆ ఏడాది అంకెలు చెక్కిన పెద్ద పాస్కా (ఈస్టర్) కొవ్వొత్తిని దానితో వెలిగించి, చీకటి గుళ్లోకి తీసుకొస్తారు. ఆ ఒక్క దీపం నుంచి అందరి కొవ్వొత్తులూ వెలుగుతాయి. పాత నిబంధన నుంచి ఏడు పఠనాలు, బాప్తిస్మాలు. పూర్వం ఈ జాగరణను శనివారం పొద్దున్నే చేసేసేవారు. 1950లలో పన్నెండో పయస్ పోపు దాన్ని మళ్లీ రాత్రికి తెచ్చారు. పక్క ఊళ్లో ఆర్సీఎం గుడి ఉంటే ఒకసారి వెళ్లి వెనక నిలబడి చూడండి.

ఈస్టర్ తెల్లవారుజాము

నాలుగున్నరకల్లా చర్చి దగ్గర కలిసి, పాటలు పాడుకుంటూ సమాధుల తోటకు నడవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్, వాయిద్యాలు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. కాబట్టి మైకు వద్దు, డప్పు, తాళాలు కూడా వద్దు. గొంతులతో పాడితేనే ఆ వేళకు అందం. గాలికి కొవ్వొత్తులు ఆరకుండా వాటర్ బాటిళ్ల అడుగు కోసి చిమ్నీల్లా పెట్టుకోవచ్చు, మంట ప్లాస్టిక్‌కు తగలకుండా చూసుకోవాలి. చీరకొంగులు, చున్నీలు జాగ్రత్త. బంతిపూలు, చామంతులు సమాధుల మీద పరిచి, ఎవరి మనుషుల దగ్గర వాళ్లు కాసేపు నిలబడతారు.

తర్వాత అందరినీ ఒకచోటికి పిలిచి లూకా 24 చదవండి. "సజీవుడైన వానిని మీరెందుకు మృతులలో వెదకుచున్నారు?" అన్న వాక్యం సమాధుల మధ్య నిలబడి వింటే ఎలా ఉంటుందో గుళ్లో కూర్చుని వింటే తెలియదు. ఈ పువ్వులు, కొవ్వొత్తులు వాక్యానుసారం కాదని కొన్ని కొత్త సంఘాలవాళ్లు అంటారు. చనిపోయినవాళ్లకు ప్రార్థించడం లేదు, వాళ్లు లేస్తారన్న నమ్మకంతోనే అక్కడికి వెళుతున్నామని అయ్యగారు నాలుగు మాటల్లో చెబితే సరిపోతుంది. వాదన పెట్టుకోవద్దు.

తోట నుంచి వచ్చి గుళ్లో బల్ల మీద తెల్ల వస్త్రం పరచండి. "క్రీస్తు లేచెను" అని అయ్యగారు అంటే "నిజముగా లేచెను" అని సంఘం మూడుసార్లు అనాలి. శుక్రవారం నుంచి దాచుకున్న కీబోర్డు, డ్రమ్స్, గంట అన్నీ ఇప్పుడు తీయండి. సంస్కారం తర్వాత పులిహోరో చికెన్ బిర్యానీయో పెట్టేట్టయితే వంటవాళ్లు సమాధుల తోటకు రాలేరు. ఆ బాధ్యత ఏటా ఒకరి మీదే పడకుండా మార్చండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఈ టైమ్‌లు కాస్త మారతాయి. కువైట్‌లో ఉన్న తెలుగు సంఘాలకు శుక్రవారం సెలవు, ఆదివారం పనిరోజు. ఏడు మాటలు తీరిగ్గా చేసుకుని, ఈస్టర్ ఆరాధనను డ్యూటీకి ముందు తెల్లవారుజామునో ఆ సాయంత్రమో పెట్టుకోవచ్చు. అమెరికాలో శుభ శుక్రవారం ఫెడరల్ సెలవు కాదు. అక్కడ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా పెట్టి, ఒక్కో మాటకు పది నిమిషాలు ఇస్తే ఏడూ పడతాయి. పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే వాక్యాలు తెలుగులోనే చదివి, ప్రసంగాల్లో రెండు ఇంగ్లీషులో చెప్పించండి.